పాత సినిమా పత్రికలు: వికారాబాద్, తాండూరు చదువరులు

విడుదలైన వారం వార్తగా చదివించి, ముప్ఫై నలభై ఏళ్ళు గడిచాక జ్ఞాపకంగా చదివించే అచ్చు కాగితాలను తెలుగు సేకర్తలు కలిపి పాత సినిమా పుస్తకాలంటారు. వార, మాస పత్రికలతో పాటు సినిమా హాలు గేటు దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, వెండితెర నవలలు, గోడ పోస్టర్లు, రిక్షాలోంచి విసిరిన రంగు కరపత్రాలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. వీటి మీది మోజును సాధారణంగా మద్రాసు, విజయవాడ, హైదరాబాద్ కథగా చెబుతారు. అచ్చైనది ఆ ఊళ్ళలోనే కాబట్టి అది సహజమే. చదివిన ఊళ్ళ వైపు నుంచి చూస్తే కథ మరోలా కనిపిస్తుంది. హైదరాబాద్‌కు పడమర సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న వికారాబాద్, అదే రైలు దారిలో మరో 40 కిలోమీటర్లు పోతే వచ్చే తాండూరు అలాంటి చదువరుల ఊళ్ళు.

ఒక తేడా ముందే చెప్పుకోవాలి. అమెరికాలో భయానక చిత్రాల ప్రియుల కోసమే 1958లో 'ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్' మొదలైంది. 1979లో 'ఫాంగోరియా' వచ్చింది. పెద్దలు చిన్నచూపు చూసిన సినిమాలను నెత్తిన పెట్టుకోవడమే ఆ పత్రికల పని. తెలుగులో అలాంటి పత్రిక స్థిరంగా నిలవలేదు. ఇక్కడి పత్రికలన్నీ రాబోయే బొమ్మ గురించే రాశాయి, పాత బొమ్మ ఊసు అరుదు. అయినా ఈ రోజు 'కల్ట్' సినిమాల అభిమానికి ఆధారం ఆ పత్రికలే. అంటే మన దగ్గర కల్ట్ పత్రిక విడిగా పుట్టలేదు. మామూలు సినిమా పత్రికే పాతబడి ఆ పీట మీద కూర్చుంది.

పత్రిక ముందు, బొమ్మ తర్వాత

సికింద్రాబాద్ నుంచి వాడి వెళ్ళే నిజాం రైలు మార్గం 1874లో తెరుచుకుంది. 1930లో వికారాబాద్ నుంచి బీదర్ వైపు మరో లైను చీలి, ఊరు జంక్షనైంది. పత్రికల కట్టలు రైల్లోనో బస్సులోనో ఏజెంటుకు చేరడం అంత కష్టం కాదు. సినిమా పెట్టెలు రావడం మాత్రం అంత తేలిక కాదు.

కారణం పంపిణీ పద్ధతి. తెలంగాణ మొత్తం సినిమా వ్యాపారంలో ఒక ఏరియా, దాని పేరు నైజాం. నిజాం పాలన 1948లో పోయినా బయ్యర్ల నోట ఆ పేరు పోలేదు. పాత మాటలు దాచిపెట్టడంలో సినిమా వ్యాపారానికి సాటి లేదు. ప్రింటుకు ఖర్చెక్కువ కాబట్టి తీసేవి కొన్నే. అవి ముందు హైదరాబాద్, వరంగల్ లాంటి పెద్ద సెంటర్లలో ఆడేవి. అక్కడ వసూళ్ళు తగ్గాకే బి, సి సెంటర్లకు, అంటే చిన్న ఊళ్ళకు, దిగేవి. అప్పటికి రీలు గీతలు పడి, అక్కడక్కడా అతుకులు వేసి ఉండేది. పాట సగంలో ఎగిరిపోతే హాల్లో ఈలలు, ఆపరేటరుకు తిట్లు.

ఈ ఆలస్యమే చిన్న ఊళ్ళలో పత్రికకు విలువ తెచ్చింది. పట్నంలో చదువరి సినిమా చూసి వచ్చి పత్రిక తిరగేస్తాడు. చిన్న ఊళ్ళో పత్రిక ముందు వస్తుంది, బొమ్మ వారాలు, ఒక్కోసారి నెలల తర్వాత వస్తుంది. ఈలోగా స్టిల్స్ చూసి కథ అల్లుకోవాలి. నాయిక చేతిలో ఉత్తరం ఎవరిది? ప్రతినాయకుడి వెనక గుహ ఎక్కడిది? స్నేహితుల మధ్య పందేలు కూడా నడిచేవి. తీరా సినిమా వచ్చాక అది ఊహించినంత గొప్పగా ఉండకపోవచ్చు. చాలామంది పాత అభిమానులు ఈ రోజుకీ సినిమా కంటే దాని స్టిల్‌నే ఎక్కువ ప్రేమిస్తారు. నా అంచనాలో ఈ మోజుకు అసలు వేరు అక్కడుంది.

పాటల పుస్తకానిదీ ఇదే దారి. నాలుగైదు ఆకుల పల్చటి పుస్తకంలో నటీనటుల పట్టిక, పాటలు, కథా సంగ్రహం ఉండేవి. కథ సరిగ్గా ముడి పడేచోట ఆగి, మిగతాది వెండితెర మీద చూడమనేది. సినిమా ఊరు దాటిపోయాక మిగిలేది ఆ పుస్తకమే. పాటలన్నీ నోటికి వచ్చినవాడికి కూడా అది కావాల్సిందే. రాసినవారి పేరు, పాడినవారి పేరు రేడియో చెప్పగా విని మరిచిపోయేవి, ఇక్కడ అచ్చులో దొరికేవి.

ఏయే పత్రికలు

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. తర్వాతి దశాబ్దాల్లో 'రూపవాణి', 'కినిమా', 'సినిమా రంగం' వంటివి వచ్చాయి. ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణ సమీక్షలు సినిమా రాతకు చురుకు నేర్పాయి. పొగడ్తను కూడా కొంటెగా రాయవచ్చని పాఠకుడికి అప్పుడు తెలిసింది. 'విక్రమార్కుని మార్కు సింహాసనం' పేరుతో ఆయన సినీరంగం మీద రాసిన వ్యంగ్యాన్ని సినిమా జనమే ఎక్కువ చదువుకున్నారు.

రంగుల అచ్చుకు పేరు తెచ్చింది 'విజయచిత్ర'. నాగిరెడ్డి, చక్రపాణి 1966లో మద్రాసు నుంచి దీన్ని మొదలుపెట్టారు. 'చందమామ' అచ్చేసే యంత్రాంగం వాళ్ళ చేతిలోనే ఉండటంతో బొమ్మలు ముద్దగా కాక తేటగా వచ్చేవి. నటుడు, రచయిత రావి కొండలరావు ఆ పత్రికలో ఏళ్ళ తరబడి పనిచేశారు. స్టూడియోలో పగలు వేషం, సాయంత్రం ప్రూఫులు అన్నమాట. లోపలి మనిషి రాతకు, బయటి విలేఖరి రాతకు తేడా ఆ పేజీల్లో స్పష్టంగా తెలుస్తుంది. వివాదం కంటే వివరం ఎక్కువ. ఎవరు ఏ వేషం ఎందుకు వదులుకున్నారు, ఏ సెట్టు ఎలా కట్టారు అన్న సంగతులు కావాలంటే సేకర్తలు ఇప్పటికీ ముందు వెతికేది 'విజయచిత్ర'నే. గాసిప్పు కావాలనుకునేవాళ్ళకు అది చప్పగా ఉండేదన్నది కూడా నిజమే.

1976లో ఈనాడు సంస్థ నుంచి వచ్చిన 'సితార' వేగాన్ని మార్చింది. అది వారపత్రిక, దినపత్రికతో పాటే ఊళ్ళకు పాకే బలం ఉన్నది. ఆంధ్రజ్యోతి సంస్థ 'జ్యోతిచిత్ర' తెచ్చింది, 'శివరంజని' వచ్చింది. మంగలి దుకాణం బల్ల మీద, ఆర్‌.ఎం.పి. డాక్టరు గది ముందు, టైలరు మిషను పక్కన కనిపించేవి ఈ వారపత్రికలే. ఒక ప్రతిని ఎందరు చదివారో ఏ సర్క్యులేషన్ లెక్కా చెప్పలేదు. నడిపేజీ బొమ్మ ముందే మాయమయ్యేది. మిగిలిన కాగితం బడిపిల్లల నోటుపుస్తకాలకు అట్టగానో, ట్రంకుపెట్టె అడుగునో, కిరాణా కొట్లో పొట్లంగానో బతుకు చాలించేది. ఈ రోజు పాత సంచికలు అరుదు కావడానికి ఇదే ముఖ్య కారణం. ఎక్కువ ప్రేమించిన కాగితమే ఎక్కువ నలిగిపోయింది.

వెండితెర నవల గురించి కూడా రెండు మాటలు. విడుదలైన సినిమాను నవలగా తిరగరాసే ఈ పద్ధతిలో ముళ్ళపూడి చెయ్యి తిరిగినవాడు. వీడియో లేని రోజుల్లో సినిమాను ఇంట్లో మళ్ళీ 'చూసే' మార్గం ఇదొక్కటే.

ఉర్దూ, కన్నడం, తెలుగు

తాండూరు కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉంది. నాపరాళ్ళ గనులు, కందిపప్పు మిల్లులు, సిమెంటు ఫ్యాక్టరీల ఊరు. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపిస్తాయి. సినిమా మోజుకు ఇక్కడ ఒక భాష చాలదు.

ఉర్దూ చదివేవాళ్ళకు ఢిల్లీ 'షమా' పెద్ద దిక్కు. 1939లో యూసుఫ్ దెహ్లవీ స్థాపించిన ఈ మాసపత్రికలో ఒక పక్క బొంబాయి తారల బొమ్మలు, మరో పక్క పేరున్న రచయితల కథలు ఉండేవి. సినిమా, సాహిత్యం ఒకే అట్ట కింద కాపురం చేయడం తెలుగు పత్రికల్లో అంతగా కుదరలేదు. 'షమా' నడిపిన పదబంధ పోటీలకు దేశమంతా కూపన్లు నింపి పంపింది. 1999లో అది ఆగిపోయింది. కన్నడం వైపు మణిపాల్ నుంచి 'రూపతార' వచ్చేది.

కన్నడ, తెలుగు తెరలను కలిపిన మనిషి బి. విఠలాచార్య. ఉడుపి ప్రాంతం వాడు, కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో జానపద బ్రహ్మ అనిపించుకున్నాడు. 'మదనకామరాజు కథ' (1962), 'బందిపోటు' (1963), 'అగ్గిపిడుగు' (1964), 'చిక్కడు దొరకడు' (1967), 'జగన్మోహిని' (1978) లాంటివి తీశాడు. అప్పటి నల్లగొండ జిల్లా కోదాడ ప్రాంతం నుంచి వెళ్ళిన కాంతారావు ఈ తరహా సినిమాలతోనే కత్తి కాంతారావు అయ్యాడు. పెద్ద విమర్శకులు ఈ చిత్రాలను లెక్కలోకి తీసుకోలేదు. పండితులు ముఖం చిట్లిస్తే జనం టికెట్లు కొన్నారు. బి, సి సెంటర్లలో ఇవి ఎన్ని మార్లు తిరిగొచ్చినా హాలు నిండేది. తెలుగులో కల్ట్ అనే మాటకు నిజంగా సరిపడే మొదటి సరుకు ఇదే అని నా అభిప్రాయం.

మరో ఉదాహరణ ఇటీవలిది. 2000ల మధ్యలో వచ్చిన 'ది అంగ్రేజ్', 'హైదరాబాద్ నవాబ్స్' దక్కనీ ఉర్దూలో మాట్లాడాయి. ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకు పాత్రల మాటలు సీడీల మీద ఊరూరా పాకి, ఇంటి మాటలైపోయాయి. దక్కనీ వినిపించే తాండూరు లాంటి ఊళ్ళో ఆ హాస్యానికి వివరణ అక్కర్లేదు. ఈ సినిమాలకు మాత్రం పాత పత్రికల గూడు లేదు. అప్పటికి సినిమా వారపత్రికల ఊపు తగ్గిపోయింది.

కల్ట్ అనే మాట

ఈ మాట ఇంగ్లీషుది. బయట దాని అర్థం, మొదట ఆడకపోయినా కొందరు వదలకుండా పట్టుకున్న సినిమా అని. 1975 నాటి 'రాకీ హారర్ పిక్చర్ షో' అర్ధరాత్రి ఆటలతో బతికి బట్టకట్టడం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. తెలుగు కుర్రకారు నోట ఇప్పుడు విడుదలైన రోజే 'కల్ట్ బొమ్మ' అనే కేక వినిపిస్తుంది. బారసాల నాడే షష్టిపూర్తి చేసినట్టుంటుంది.

అసలు అర్థానికి సరిపోయేవి తెలుగులో లేకపోలేదు. 2010లో వచ్చిన 'ఖలేజా', 'ఆరెంజ్' రెండూ హాళ్ళలో నిరాశపరిచాయి. తర్వాత టీవీలో, ఫోన్లలో అభిమానులను సంపాదించుకుని, మళ్ళీ విడుదలైనప్పుడు హాళ్ళు నింపాయి. 'చంటబ్బాయ్' (1986) లాంటి జంధ్యాల సినిమాల మాటలు ఇంటింటా నిలిచిపోయాయి.

మరో తెగ, పక్కా ప్రయోగాలది. 1966 నాటి 'గూఢచారి 116' తెలుగులో జేమ్స్ బాండ్ తరహాకు దారి వేసింది. హిందీలో దాన్నే 'ఫర్జ్'గా (1967) తీసిన రవికాంత్ నగాయిచ్, తెలుగు పౌరాణికాల్లో ట్రిక్కు ఫొటోగ్రఫీకి పేరుపడిన కెమెరామనే. 1971లో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' తీసి తెలుగువాడికి కౌబాయ్ టోపీ పెట్టించాడు. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, రచన ఆరుద్ర. అదే దాస్ 1970లో 'రౌడీ రాణి' తీసి విజయలలిత చేతికి తుపాకీ ఇచ్చాడు. ఈ సినిమాల నాటి పత్రికలు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పత్రికలు ఈ బొమ్మలను విశ్లేషించలేదు, బొమ్మలు వేసి ఊరుకున్నాయి. ఆ స్టిల్సే ఇప్పుడు విశ్లేషణకు ముడిసరుకు.

తెలంగాణ విషయంలో లోటు మరీ కొట్టొచ్చినట్టుంటుంది. బి. నర్సింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' ఇక్కడి పోరాటాన్ని ఇక్కడి భాషలో చెప్పి, ఒక తరాన్ని కదిలించింది. కరీంనగర్ నుంచి బొంబాయి వెళ్ళి నాయకుడై, 1980 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్న పైడి జైరాజ్ ఉన్నాడు. పాత వారపత్రికలు తిరగేస్తే వీరికి దక్కిన చోటు చాలా తక్కువ. పత్రికలు మద్రాసు స్టూడియోల చుట్టూ తిరిగాయి. వికారాబాద్ చదువరి డబ్బు పెట్టి కొన్న పత్రికలో తన యాస కనిపించేది హాస్య పాత్రల స్టిల్స్ కిందే. పాత పత్రికల మీద మమకారం ఎంతున్నా ఈ మాట దాటవేయకూడదు.

అందులో ఏముంది?

సేకర్తలను అడిగితే ముఖచిత్రం కంటే లోపలి చిల్లర సంగతుల గురించే ఎక్కువ చెబుతారు. ప్రశ్నలు, జవాబుల శీర్షికలో తమ ఊరి పేరుతో అచ్చైన ప్రశ్న. శతదినోత్సవ ప్రకటనలో చిన్న అక్షరాలతో సెంటర్ల జాబితా. అందులో డైరెక్టుగా వంద రోజులు ఆడినవి వేరు, హాళ్ళు మారుతూ షిఫ్టింగుల మీద ఆడినవి వేరు. మా అభిమాన నటుడి సినిమా మీ నటుడి సినిమా కంటే ఎన్ని సెంటర్లలో ఎక్కువ ఆడిందన్న తగాదాలకు ఆ ప్రకటనలే రుజువు. జాబితాలో చిన్న ఊరి పేరు కనిపిస్తే, ఊరి గౌరవం ఒక మెట్టు ఎక్కినట్టే. రంగు పౌడరు, తలనూనె, రేడియో ప్రకటనలు. రాబోయే సినిమా ప్రకటనలు, వాటిలో కొన్ని అసలు రానే లేదు. రాని సినిమా పోస్టరు దొరికితే సేకర్తకు నిధి దొరికినట్టు.

వార్తగా రాసినదంతా ఇలా చరిత్రగా మారిపోతుంది. ఒక చరిత్ర పుస్తకం తర్వాత ఏం జరిగిందో తెలిసి రాస్తుంది. 1974 నాటి సంచికకు రేపటి సంగతి తెలియదు. 'అల్లూరి సీతారామరాజు' తొలి తెలుగు సినిమాస్కోప్ అని సంబరపడిన రోజులవి. తెర ఇంకెంత వెడల్పవుతుందో ఆ పేజీకి తెలియదు. ఆ తెలియనితనం కోసమే జనం వీటిని చదువుతారు.

బొమ్మ ఒక్కటే కాదు. శ్రీలంక నుంచి మీనాక్షి పొన్నుదొరై వినిపించిన తెలుగు పాటలు, వివిధభారతి 'జనరంజని', ఆదివారాల సంక్షిప్త శబ్ద చిత్రాలు, 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చాక శుక్రవారం 'చిత్రలహరి' అన్నీ ఈ జ్ఞాపకంలో కలిసే ఉంటాయి. 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూర కర్ణ' సంభాషణల రికార్డులు పెళ్ళి పందిళ్ళలో మైకుసెట్టు వాడు పాటల కంటే ఎక్కువ మార్లు వేశాడు. పక్కనే డిటెక్టివ్ నవలలు, మధుబాబు 'షాడో' పాకెట్ పుస్తకాలు, 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క', 'కంచుకోట' సీరియళ్ళు. ఒకే అద్దె పుస్తకాల దుకాణంలో దొరికిన సరుకు కనుక, ఒకే మూటగా గుర్తుండిపోయింది.

తగ్గుదల, తిరిగి రాక

1995లో ఈటీవీ, జెమిని వంటి ఛానళ్ళు మొదలై నటులను నేరుగా ఇంట్లోకి తెచ్చాయి. దినపత్రికలు రోజూ సినిమా పేజీ వేశాయి. వారం ఆగి కొనే అవసరం పోయింది. ఆ తర్వాత పనిగట్టుకుని పాతదాన్నే పట్టుకున్న పత్రిక 'హాసం'. వరప్రసాద్ రెడ్డి ప్రచురణగా 2001లో హాస్య, సంగీత పత్రికగా హైదరాబాద్ నుంచి వచ్చింది. ఎం.బి.ఎస్. ప్రసాద్, సంగీత విమర్శకుడు రాజా దాని వెనక ఉన్నారు. పాత పాట ఒక్కదాన్ని తీసుకుని దాని పుట్టుక, రాగం, తెర వెనక కథ వివరించే తరహాను అది జనంలోకి తెచ్చింది. మూడేళ్ళ ముచ్చటే అయినా, తెలుగులో పాత సినిమా సంస్కృతికంటూ వచ్చిన పత్రికగా దాన్నే చెప్పుకోవాలి. పోస్టర్ల చరిత్రను ప్రచార చిత్రకారుడు ఈశ్వర్ 'సినిమా పోస్టర్' పుస్తకంగా రాశాడు. రావి కొండలరావు తన జ్ఞాపకాలను 'బ్లాక్ అండ్ వైట్'లో పెట్టాడు.

తెర మీది తిరిగి రాక ఇంకా పెద్దది. 1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగులద్దుకుని వచ్చింది. 2022లో 'పోకిరి', 'జల్సా' 4కె ఆటలతో పాత సినిమాల విడుదల వ్యాపారంగా మారింది. 2023 మే 31న, కృష్ణ పోయాక వచ్చిన తొలి పుట్టినరోజుకు, 'మోసగాళ్ళకు మోసగాడు' మళ్ళీ హాళ్ళకు వచ్చింది. ఇప్పుడు ప్రింటు లేదు, పెట్టె లేదు. హైదరాబాద్‌లో ఆట పడిన రోజే చిన్న ఊళ్ళోనూ పడుతుంది. ఒకప్పుడు పత్రికకు విలువ తెచ్చిన ఆలస్యం పూర్తిగా పోయింది. షూటింగు కూడా దగ్గరికొచ్చింది. పరిశ్రమ మద్రాసు వదిలి హైదరాబాద్ చేరాక, వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలు సినిమాలకు, సీరియళ్ళకు తరచు వాడే చోటయ్యాయి. స్టిల్స్‌లో అడవిని చూసి మురిసిన ఊరి అడవే ఇప్పుడు స్టిల్‌లో ఉంది.

దొరికే చోట్లు

హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల బజారు ఇప్పటికీ మొదటి మెట్టు. పొద్దున్నే వెళ్ళాలి, పది దాటితే మిగిలేవి పోటీ పరీక్షల గైడ్లే. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో తెలుగు పాత పత్రికలతో పాటు అబ్దుల్ సమద్ ఖాన్ సేకరించిన ఉర్దూ పుస్తకాలు, పత్రికల భాండాగారం ఉంది. ప్రెస్ అకాడమీ కొన్ని పాత పత్రికలను స్కాన్ చేయించింది. అక్కడ కూడా దినపత్రికలకు దక్కిన శ్రద్ధ సినిమా వారపత్రికలకు దక్కలేదు. పాటల పుస్తకాల సంగతి చెప్పనక్కర్లేదు. వాటిని గ్రంథాలయాలు పుస్తకాలుగానే చూడలేదు. అవి బతికున్నది ఇళ్ళలో, అటకల మీద.

చౌక న్యూస్‌ప్రింటు గాలి, ఎండ తగిలేకొద్దీ పసుపెక్కి, మడత దగ్గర విరుగుతుంది. మీ ఇంట్లో అలాంటి కట్ట ఉంటే నైలాను తాడుతో బిగించకండి, రబ్బరు బ్యాండు అసలు వేయకండి, తడి గోడకు ఆనించకండి. చిత్తుకాగితాలకు వేయక తప్పదనుకుంటే, తూకానికి పెట్టేముందు అట్ట మీద నెల, సంవత్సరం కనిపించేలా ఫోనుతో ఒక ఫొటో తీసిపెట్టండి. పాటల పుస్తకాలు మాత్రం వేయకండి. తూకంలో వాటికి ఎలాగూ ఏమీ రాదు.